కొండపల్లి బొమ్మలు ఫోన్‌లో అమ్మాలంటే: మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

కొండపల్లిలో బొమ్మలు చేసే కుటుంబాలకు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ పెట్టివ్వడంలో సాయం చేస్తున్నప్పటి నుంచి నాకు రోజూ అవే సందేహాలు వస్తున్నాయి. కొన్ని పని చేసేవాళ్లు అడిగేవి, కొన్ని వాళ్ల పిల్లలు అడిగేవి. "మా ఊళ్లోనూ ఇలాంటి పనివాళ్లున్నారు, ఎలా మొదలుపెట్టాలి" అని ఏటికొప్పాక వైపు నుంచి, పెడన నుంచి, చేర్యాల నుంచి అడిగేవాళ్లూ ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసిపెడుతున్నాను. ఉదాహరణలు కొయ్యబొమ్మలవే అయినా చాలావరకు ఏ చేతిపనికైనా పనికొస్తాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

మాకు పెద్దగా చదువు లేదు, ఇంగ్లీషు అసలే రాదు. మా వల్ల అవుతుందా?

అవుతుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టుకునేవాళ్లు, పెళ్లికో గృహప్రవేశానికో ఇవ్వడానికి తీసుకునేవాళ్లు. వాళ్లకు ఇంగ్లీషు అక్కర్లేదు. టైప్ చేయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టండి. "నమస్తే అమ్మా, అంబారీ ఏనుగు ఉందండి, రంగు ఆరడానికి రెండు రోజులు పడుతుంది, బుధవారం పంపిస్తాను" అని బొమ్మ చేసిన మనిషి గొంతు వింటే వచ్చే నమ్మకం ఏ ఇంగ్లీషు మెసేజ్‌తోనూ రాదు.

వాట్సాప్ పెట్టాలా, ఇన్‌స్టాగ్రామా, ఫేస్‌బుకా? అన్నీ పెట్టాలా?

ముందు వాట్సాప్ బిజినెస్ ఒక్కటి చాలు. ఉచితం, మామూలు వాట్సాప్‌లాగే ఉంటుంది, దానికి తోడు కేటలాగ్ ఉంటుంది, అంటే బొమ్మ ఫోటో, ధర, కొలతలు ఒకచోట పెట్టుకునే అల్మారా లాంటిది. నెల రెండు నెలలు అలవాటయ్యాక ఇన్‌స్టాగ్రామ్ తెరవండి. కొత్తవాళ్లు మిమ్మల్ని చూసేది అక్కడ, మాట్లాడి కొనేది వాట్సాప్‌లో. వయసు పైబడిన కొనుగోలుదారులు ఫేస్‌బుక్‌లో ఎక్కువ కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిందే అక్కడా పెడితే సరిపోతుంది. ఒకేసారి మూడూ తెరిచి మూడిట్లోనూ జవాబులు ఇవ్వలేకపోతే మాత్రం ఉన్న పేరూ పోతుంది.

సాయం చేసే అబ్బాయి "నా నంబరు పెడతాను, ఆర్డర్లు నేను చూసుకుంటా" అంటున్నాడు. పెట్టమంటారా?

వద్దు. ఈ పేజీలో ఒక్క మాట గట్టిగా చెప్పాలంటే ఇదే చెబుతాను. నంబరు మీది, బ్యాంకు ఖాతా మీది, అకౌంటు పాస్‌వర్డు మీ దగ్గర. ఆ అబ్బాయి ఎంత మంచివాడైనా సరే, రేపు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతే రెండేళ్లు కూడబెట్టుకున్న కస్టమర్లంతా అతని ఫోన్‌లోనే వెళ్లిపోతారు. నేను చూసిన ఒక ఇంట్లో అచ్చంగా ఇదే జరిగింది, ఆ కుటుంబం మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది.

సాయం వద్దని కాదు. కొత్త సిమ్ మీ ఇంట్లో వాళ్ల పేరు మీద తీసుకుని వాట్సాప్ బిజినెస్ మీ ఫోన్‌లోనే తెరవండి. 'లింక్డ్ డివైసెస్' అనే చోట అతని ఫోన్‌నో కంప్యూటర్‌నో కలిపితే అతనూ అక్కణ్ణుంచి జవాబులు ఇవ్వగలడు. వద్దనుకున్న రోజు మీరే తీసేయొచ్చు.

ఏమేం కార్డులు, కాగితాలు ఉండాలి?

ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఎలాగూ ఉండాలి. వీటితో పాటు కేంద్ర జౌళి శాఖ కింద ఉన్న హస్తకళల విభాగం చేతివృత్తి వాళ్లకు ఇచ్చే 'పెహచాన్' అనే గుర్తింపు కార్డు తప్పకుండా తీసుకోండి. బొమ్మలు చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. ఆ విభాగంలో నమోదైన చేతివృత్తి వాళ్లు చేసిన బొమ్మలకు దాన్నుంచి మినహాయింపు ఉంది. భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉన్న బొమ్మలకు అధీకృత వినియోగదారులుగా నమోదైన వాళ్లకూ ఉంది. కొండపల్లి బొమ్మలకు జీఐ ఉంది, కానీ ఊరికి జీఐ ఉంటే సరిపోదు, మీ పేరు కూడా రిజిస్టరులో ఎక్కాలి.

ఇంకొకటి పీఎం విశ్వకర్మ, చేతివృత్తి వాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకం. 2023 సెప్టెంబరు 17న మొదలైంది, అందులోని 18 వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల అప్పు ఇస్తారు. ఫోన్‌లో డబ్బు తీసుకునేవాళ్లకు ఒక్కో లావాదేవీకి రూపాయి చొప్పున నెలకు వంద లావాదేవీల వరకు ప్రోత్సాహకం కూడా ఉంది. కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు, నమోదు మీ దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌లో.

జీఎస్టీ నంబరు లేదు. వేరే రాష్ట్రానికి పంపొచ్చా?

మామూలుగా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. కానీ హస్తకళలకు ప్రత్యేకంగా సడలింపు ఉంది, చెక్క బొమ్మలు ఆ జాబితాలో ఉన్నాయి. దేశమంతా కలిపి ఏడాదికి 20 లక్షల లోపు అమ్మేవాళ్లు పాన్ ఉంటే నమోదు లేకుండానే పంపొచ్చు. అయితే ఇలా పంపే సరుకుకు విలువ ఎంత చిన్నదైనా ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, కావాలి. తపాలా శాఖ మోసే పార్సిళ్లకు ఆ బిల్లు అక్కర్లేదు, అందుకే చెన్నైకో బెంగళూరుకో ఒకటీ రెండూ బొమ్మలు పంపేవాళ్లకు నేను పోస్టాఫీసే చెబుతాను. అమ్మకం పెరిగాక మాత్రం ఒకసారి ఆడిటర్ దగ్గర కూర్చోండి, ఆ ఫీజు వృథా పోదు.

## ఫోటోలు, వీడియోలు

మా దగ్గర మంచి ఫోన్ లేదు, ఫోటోలు బాగా రావట్లేదు. ఏం చేయాలి?

పదివేల ఫోన్ చాలు. లెన్సు మీద వేలిముద్రలు, రంపపు పొట్టు ఉంటాయి, ముందు మెత్తని గుడ్డతో తుడవండి. ఫోటోలు మసకగా రావడానికి సగం కారణం అదే. ట్యూబ్‌లైట్ కింద తీయకండి, ఎర్ర రంగు వేరేగా కనిపించి "మీరు పంపింది ఈ రంగు కాదు" అనే గొడవ వస్తుంది. ఉదయం తొమ్మిది లోపు అరుగు మీద, ఎండ నేరుగా పడని చోట, వెనక తెల్ల పంచె కట్టి తీయండి. ఒక్కో బొమ్మకు ముందు, పక్క, వెనక, తర్వాత అరచేతిలో పెట్టుకుని ఒకటి. ఆ చివరిది మర్చిపోవద్దు. ఎన్ని అంగుళాలని రాసినా ఎవరూ చదవరు, చేతిలో చూస్తే సైజు వెంటనే తెలిసిపోతుంది.

వీడియోలో ఏం చూపించాలి? పాట పెట్టి బొమ్మలు చూపిస్తే సరిపోదా?

బొమ్మలు అందరి దగ్గరా ఉంటాయి, మీ చేతులు మీ దగ్గరే ఉన్నాయి. పనిని చూపించండి. తెల్లపొణికి చెక్కను సన్న సెగ మీద ఆరబెట్టడం మీకు రోజూ ఉండేదే కాబట్టి మీకేం అనిపించదు, చూసేవాళ్లకు అది కొత్త. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కు ముద్దను ఏనుగు ఒంటికీ తొండానికీ మధ్య పెట్టి బొటనవేలితో ఒక్క ఒత్తు ఒత్తి, మిగిలింది చుట్టూ నున్నగా లాగేస్తారు చూడండి, అతుకు ఎక్కడుందో కనిపించకుండా పోతుంది. ఆ ఇరవై సెకన్లు తీయండి చాలు. మాటలు కూడా అక్కర్లేదు, ఉలి చప్పుడు అలాగే ఉంచండి. నేను చూసినంతలో సినిమా పాట పెట్టిన వీడియో కంటే ఇలాంటి దానికే "ఇది ఎక్కడ దొరుకుతుందండీ" అనే మెసేజ్‌లు ఎక్కువ వచ్చాయి.

ఏటికొప్పాక వాళ్లయితే తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనించగానే ఆ రాపిడి వేడికి రంగు కరిగి పట్టుకునే క్షణం తీయండి. నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లయితే రంగులు వేసిన తోలును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి.

ఫోన్ నిలువుగా పట్టుకోవాలి, గోడకు ఆనించి పెడితే కదలదు.

డిజైన్లు పెడితే కాపీ కొట్టేస్తారు కదా?

కొడతారు, అబద్ధం చెప్పను. మీ ఫోటోనే తీసుకుని తమదని పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, అందుకే ఫోటో మధ్యలో, బొమ్మ మీద పడేలా, మీ పేరు సన్నగా వేయండి. మూలన వేస్తే కత్తిరించేస్తారు. అలా పెట్టినవాళ్ల పేజీని రిపోర్ట్ చేయొచ్చు, తీసేస్తారు కూడా, కాస్త ఓపిక పట్టాలి. అందరూ చేసే దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టు దాచుకోవాల్సిన పని లేదు. మీరు కొత్తగా కనిపెట్టిన డిజైన్ ఏదైనా ఉంటే దాన్ని బయట పెట్టకుండా పాత కస్టమర్లకు మాత్రం వాట్సాప్‌లో పంపండి.

ఫోటో కింద ఏం రాయాలి?

పేరు, కొలత, బరువు, ధర, తయారీకి పట్టే రోజులు. తర్వాత ఆ బొమ్మ గురించి మీకు తెలిసిన ఒక్క ముక్క. "తెల్లపొణికి చాలా తేలిక, పట్టుకుంటే మీకే తెలుస్తుంది" అంటే చాలు. "అద్భుతమైన కళాఖండం" లాంటివి వద్దు. ఎనామిల్ రంగులు వాడితే సహజ రంగులు అని రాయకండి. ఒక్క కస్టమర్ పట్టుకుంటే చాలు, ఊరు ఊరంతటికీ చెడ్డపేరు.

## ధర, బేరం

ధర ఎంత పెట్టాలో తెలియట్లేదు. షాపు వాళ్లకిచ్చే ధరే పెట్టాలా?

ఉదాహరణకు ఒక ఎడ్లబండి తీసుకుందాం. చెక్క, మక్కు, రంగులు కలిపి 180. చెక్కడం, అతకడం ఒక రోజు పని, 700. రంగులు వేయడం సగం రోజు, 350. ఎమెరీ కాగితం, కరెంటు లాంటివి 40. డబ్బా, ప్యాకింగ్ 60. మొత్తం 1,330. దాని మీద చెక్క రేటు పెరిగినా, దారిలో ఒకటి విరిగినా తట్టుకోవడానికి ఐదో వంతు కలిపితే దాదాపు 1,600. మీ లెక్కలో అంకెలు వేరే ఉంటాయి, పద్ధతి ఇదే.

చాలా ఇళ్లలో ఆ 350 లెక్కలోనే ఉండదు. రంగులు వేసేది ఇంట్లో ఆడవాళ్లు కాబట్టి దానికి కూలి కట్టరు. అది కూడా పనే, చూపు నిలిపి గంటలు గంటలు కూర్చుని చేసే పని. దాన్ని వదిలేసి 1,100కి అమ్మి "ఆన్‌లైన్‌లో బాగానే మిగులుతోంది" అనుకుంటే మిగిలింది ఆవిడ కూలి డబ్బే.

షాపుకు ఇచ్చే ధర వేరు, వాళ్లు పది ఇరవై ఒకేసారి తీసుకుంటారు, ప్యాకింగ్ తలనొప్పి ఉండదు. కానీ ఫోన్‌లో మీ ధర ఆ షాపులో అమ్మే ధర కంటే మరీ తక్కువ ఉంటే రేపు వాళ్లు ఆర్డర్ ఆపేస్తారు, చూసుకోండి.

"ప్రైస్ ప్లీజ్" అని అడిగి, చెప్పగానే మాయమైపోతున్నారు. ఎందుకు?

ధర ఫోటో కిందే రాస్తే సగంమంది అడగరు, కొనేవాళ్లే మాట్లాడతారు. విడిగా అడిగితే అంకె ఒక్కటే పంపకండి. "1,600 అండి, అడుగు పొడవు, చేత్తో చెక్కింది, రెండు రోజుల్లో పంపగలను, ఏ ఊరికండి?" అని చివర ఒక ప్రశ్న పెట్టండి. అయినా వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతారు, సంతలో కూడా పదిమంది చూస్తే ఒకరే కదా కొనేది. వాళ్ల వెంట పడి రోజూ మెసేజ్‌లు పెట్టొద్దు.

బేరం ఆడితే తగ్గించాలా?

ఒక్క బొమ్మ మీద తగ్గించకండి. మూడు తీసుకుంటే పోస్టు ఖర్చు మీరు పెట్టుకోండి. "మెషీన్ బొమ్మ మూడు వందలకే వస్తోంది" అంటే కోపం తెచ్చుకోకుండా పని వీడియో పంపండి.

## డబ్బు

అడ్వాన్స్ అడిగితే నమ్మరేమో?

తయారుగా ఉన్న బొమ్మకు పూర్తి డబ్బు వచ్చాకే పంపండి. కొత్తగా చేయాల్సిందైతే సగం ముందు, సగం పూర్తయిన బొమ్మ వీడియో చూపించాక. డెలివరీ అప్పుడు డబ్బు అనే పద్ధతి ఒకటి రెండు బొమ్మలు చేసే ఇంటికి పనికిరాదు, తీసుకోకుండా తిప్పి పంపితే రానూ పోనూ ఖర్చు మీదే. కొత్తవాళ్లకు భయం ఉండడం సహజం, అందుకే మీ పెహచాన్ కార్డు ఫోటో చూపించండి, అందులో చిరునామా, ఫోన్ నంబరు, ఆధార్ వివరాలు కనిపిస్తే మూసేసి. వాళ్లు కోరితే పని చేస్తున్న చోటి నుంచి వీడియో కాల్ చేయండి.

ఎవరో ఆర్మీ ఆఫీసర్ అని ఇరవై బొమ్మలు అడిగి, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటున్నారు. చేయాలా?

చేయొద్దు. ఇది మోసం. డబ్బు మీ ఖాతాలోకి రావడానికి మీరు ఏ కోడూ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్టే. ఇలాంటివాళ్లు బేరం ఆడరు, బొమ్మ గురించి ఏమీ అడగరు, ఐడీ కార్డు ఫోటో పంపిస్తారు, తొందర పెడతారు. ఇంకొకటి, "రెండు వేలకు బదులు ఇరవై వేలు పంపేశాను, మిగతావి తిరిగి పంపండి" అని నకిలీ స్క్రీన్‌షాట్ పెడతారు. స్క్రీన్‌షాట్‌ను ఎప్పుడూ నమ్మొద్దు, ఎస్ఎంఎస్‌ను కూడా పూర్తిగా నమ్మొద్దు, మీ యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకోండి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

## ప్యాకింగ్, పంపడం

బొమ్మ విరగకుండా ఎలా ప్యాక్ చేయాలి?

మొదటి ఏడాది సంక్రాంతికి మేం పంపిన పార్సిళ్లు కొన్ని విరగకుండానే పాడయ్యాయి. తొందరలో రంగు పూర్తిగా ఆరకముందే బబుల్ ర్యాప్ చుట్టేశాం. విప్పి చూసిన ఆవిడ ఫోటో పంపింది, నల్లటి ఏనుగు వీపు నిండా గుండ్రటి అచ్చులు, పక్కనున్న తెల్ల ఆవు మీద న్యూస్‌పేపర్ అక్షరాలు. ఎంత బాధనిపించిందో చెప్పలేను, అది ఆ ఇంట్లో నాలుగు రోజుల పని.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. వేసవిలో కంటే వానాకాలంలో రంగు రెండు మూడు రోజులు ఎక్కువ ఆరాలి. బొమ్మకు ముందు అచ్చు లేని తెల్ల కాగితం, దాని మీద బబుల్ ర్యాప్. న్యూస్‌పేపర్‌ను ఖాళీలు నింపడానికి మాత్రమే వాడాలి. తొండం, కొమ్ములు, చేతులు లాంటి అతుకుల చుట్టూ కాగితం ఉండలు పెట్టి, ఒంటికి సమానంగా చేసి అప్పుడు చుట్టాలి. చిన్న డబ్బాను పెద్ద డబ్బాలో పెట్టి, మధ్యలో నాలుగు వైపులా రెండు వేళ్ల మందం మెత్తగా నింపి ఉండాలి. టేపు వేశాక ఊపి చూడండి, లోపల చప్పుడు వస్తే విప్పి మళ్లీ కట్టండి. మొదటిసారి పంపేటప్పుడు పాత బొమ్మ ఒకటి ఇలాగే కట్టి నడుమెత్తు నుంచి కిందకు వదిలి చూడండి, మీకే తెలుస్తుంది.

బొమ్మ కిలో కూడా లేదు, కొరియర్ వాళ్లు మూడు కిలోల ఛార్జీ వేశారు. మోసమా?

మోసం కాదు, డబ్బా పరిమాణాన్ని బట్టి వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 30, 25, 20 ఉన్న డబ్బా అయితే 3 కిలోలు అవుతుంది, లోపల దూది ఉన్నా సరే. తెల్లపొణికి తేలిక కావడం వల్ల మనకు ఈ దెబ్బ బాగా తగులుతుంది. కాబట్టి ప్రతి బొమ్మకూ సరిపోయే డబ్బా ముందే అనుకుని, దాని ఛార్జీ రాసిపెట్టుకుని, ఆర్డర్ అప్పుడే చెప్పేయండి.

చేరేసరికి విరిగిపోయింది అంటే ఏం చేయాలి?

ముందు "అయ్యో, ఫోటో పంపండి అమ్మా" అనండి, తప్పు ఎవరిదనే వాదన వద్దు. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయమని పంపేటప్పుడే చెప్పి ఉంచాలి. అతుకు ఊడితే ఎలా అతికించుకోవాలో వీడియో చేసి పంపండి, చాలామంది సంతోషంగా చేసుకుంటారు. పూర్తిగా విరిగితే కొత్తది పంపండి. ధరలో కలుపుకున్న ఐదో వంతు ఇందుకే.

అమెరికాలో ఉన్నవాళ్లు అడుగుతున్నారు. పంపొచ్చా?

పంపొచ్చు. తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో చిన్న ఎగుమతిదారులకు కాగితాల పనిలో సాయం చేస్తారు. కానీ అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది, చిన్న పార్సిల్‌కీ సుంకం పడొచ్చు. ఆ ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. ఆస్ట్రేలియా వాళ్లు చెక్క వస్తువులను చాలా నిశితంగా చూస్తారు. మొదట్లో సులువైన దారి ఒకటుంది, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న వాళ్ల అమ్మానాన్నల ఇంటికి పంపడం. వాళ్లు వెళ్లేటప్పుడు తీసుకెళ్తారు, లేదా పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు పట్టుకెళ్తారు.

## అమ్మకం మొదలయ్యాక

ఒక వీడియో వైరల్ అయి రెండు వందల మెసేజ్‌లు వచ్చాయి. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

ఊపిరి తీసుకోండి. మీ ఇంట్లో నెలకు ఎన్ని బొమ్మలు చేయగలరో ముందు ఆ అంకె రాసుకోండి. నలభై అయితే నలభై ఆర్డర్లే తీసుకోండి. మిగతావాళ్లకు "ఈ నెల పని నిండిపోయిందండి, వచ్చే నెల మొదటి వారంలో మెసేజ్ చేస్తాను" అని పెట్టి, వాట్సాప్ బిజినెస్‌లో వాళ్లకు లేబుల్ వేసుకోండి. చెక్క ఆరకుండా చెక్కితే తర్వాత పగుళ్లు వస్తాయని మీకు నేను చెప్పాలా? రెండు వందలకూ సరే అని డబ్బు తీసుకుని, మూడు నెలలు తిట్లు తిన్న ఇల్లు నాకు తెలుసు. పక్కింటి వాళ్లకు పని ఇవ్వడం మంచిదే, అలా ఇచ్చినప్పుడు బొమ్మ చేసింది ఎవరో కస్టమర్‌కు చెప్పండి.

లైకులు వేలల్లో వస్తున్నాయి, ఆర్డర్లు మాత్రం రావట్లేదు. ఏం తప్పు చేస్తున్నాం?

మీ పేజీని కొత్తవాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి. వాట్సాప్ నంబరు పైనే ఉందా, ధర కనిపిస్తోందా, ఇప్పుడు తయారుగా ఏముందో తెలుస్తోందా? ఎక్కువసార్లు ఈ మూడిట్లో ఒకటి లేకపోవడమే కారణం. లేదంటే కాలం కాదు, అంతే. మనకు దసరా, సంక్రాంతి ముందు రెండు నెలలే అసలు గిరాకీ, ఎండాకాలంలో మెసేజ్‌లు తగ్గితే బెంగపెట్టుకోవద్దు.

పాత కస్టమర్లకు కొత్త బొమ్మలు ఎలా చెప్పాలి? గ్రూపు పెట్టమంటారా?

గ్రూపులో ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు మొదలవుతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మేలు, ప్రతి ఒక్కరికీ విడిగా వచ్చినట్టే ఉంటుంది. కాకపోతే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది, అందుకే డబ్బాలో పెట్టే చీటీలో "మా నంబరు సేవ్ చేసుకోండి" అని రాయండి. నెలకు రెండుసార్లు మించి పంపకండి.

అకౌంట్ హ్యాక్ అయితే?

కాకుండా ముందే చూసుకోవాలి. వాట్సాప్ సెట్టింగుల్లో రెండంచెల భద్రత అని ఆరంకెల పిన్ పెట్టుకునే వీలుంది, ఈ రోజే పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అలాంటిదే ఉంది. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు, "మీ పేజీకి బ్లూ టిక్ ఇస్తాం" అనే మెసేజ్‌లోని లింకు నొక్కొద్దు. కస్టమర్ల పేర్లు, నంబర్లు, ఏం కొన్నారో ఒక నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోయినా ఆ పుస్తకం ఉంటే వ్యాపారం పోదు.

సాయం చేసేవాళ్లకు కమిషన్ ఇవ్వాలా? ఎంతకాలం వాళ్లమీద ఆధారపడాలి?

పని చేస్తే డబ్బు ఇవ్వాలి, అది న్యాయం. కానీ అమ్మకంలో శాతం కాకుండా, ఫోటోలు తీసిన రోజుకు ఇంత, ప్యాకింగ్‌కు ఇంత అని మాట్లాడుకోండి, లెక్క తేలిగ్గా ఉంటుంది. సాయం చేసేవాళ్లకు నా మాట: మొదటి నెల మీరు చేసి చూపించండి, రెండో నెల వాళ్లు చేస్తుంటే పక్కన కూర్చోండి, మూడో నెల ఫోన్ చేస్తేనే వెళ్లండి. ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఎక్కువ ఉంటుందో వాళ్లకే నేర్పండి. నేను చూసిన ఇళ్లలో అది చాలాసార్లు కోడలో, ఇంటర్ చదివే అమ్మాయో. మా దగ్గర ఒక పిన్ని మొదట్లో ఫోటో పంపడానికి కూడా నన్ను పిలిచేది. మొన్న వెళ్తే రంగు కుంచె చెవి వెనక పెట్టుకుని, "ఉండు బాబూ, వైజాగ్ పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చూసి చెప్పాలి" అని ట్రాకింగ్ నంబరు కొట్టుకుంటోంది.